కఫూని ఎన్ని క్లబ్బులు వద్దన్నాయో!

స్కూల్ టీమ్ సెలెక్షన్‌లో పేరు రాలేదని "ఇక గ్రౌండ్ మానెయ్ నాన్నా, చదువు చూసుకో" అంటున్న పేరెంట్స్‌తో నేను ఏకీభవించలేను. బ్రెజిల్ డిఫెండర్ కఫూని కుర్రతనంలో ఎన్నో క్లబ్బులు సెలెక్షన్స్‌లోనే వద్దన్నాయి. చివరికి సావో పాలో క్లబ్ తీసుకుంది. మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాణ్ని కోచ్ టెలె సంతానా రైట్ బ్యాక్‌కి మార్చాడు. (కోచ్ కూడా టీచరే కదండీ!) 1994 వరల్డ్ కప్ ఫైనల్‌లో సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. 1998, 2002 ఫైనల్స్ కూడా ఆడాడు. పురుషుల ఫుట్‌బాల్‌లో మూడు ఫైనల్స్ ఆడింది అతనొక్కడే. 2002లో కెప్టెన్‌గా కప్పు ఎత్తినప్పుడు అతని చొక్కా మీద తను పెరిగిన పేద బస్తీ పేరు రాసి ఉంది.

మా క్లాసులో ఫార్వర్డ్‌గా సెలెక్ట్ కాని పిల్లల్ని డిఫెన్స్‌లో ఇంకా ఎవరూ ఆడించి చూడలేదు. ఈ టర్మ్ అయ్యేదాకా బూట్లు అటక మీద పెట్టకండి, ప్లీజ్.