బాండు కథకు భరతవాక్యం పలకరా?

కథ కంచికి, మనం ఇంటికి అన్నారు పెద్దలు. కథకు ముగింపు ఉండి తీరాలన్న సంగతి మన పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. తెలియనిదల్లా కోట్ల డాలర్ల సినిమా వ్యాపారానికే.

2021లో వచ్చిన ‘నో టైమ్ టు డై’ చిత్రంలో గూఢచారి జేమ్స్ బాండు చనిపోయాడు. అనుమానానికి తావు లేకుండా, క్షిపణుల దాడిలో, ప్రేక్షకుల కళ్లెదుటే చనిపోయాడు. 1962లో ‘డాక్టర్ నో’తో మొదలైన వరసలో అది ఇరవై అయిదో చిత్రం. కాని చివర పేర్లన్నీ నడిచాక తెరమీద ఒక ప్రకటన: బాండు మళ్లీ వస్తాడట! వీరుడి చావును అమ్ముకున్నారు గాని, ఆ చావుకు కట్టుబడటానికి ఒప్పుకోలేదు. 2022లో ఎమ్.జి.ఎమ్. సంస్థను 845 కోట్ల డాలర్లకు కొన్న అమెజాన్, 2025లో ఈ చిత్రాలపై కళాపరమైన పెత్తనాన్ని కూడా సంపాదించి, కొత్త చిత్రానికి దర్శకుణ్ణి ప్రకటించింది. బాండు బతకాలా, చావాలా అన్నది ఇక కథ తేల్చే విషయం కాదు. పెట్టుబడి తేల్చే విషయం.

ఈ వరస ముగియాలని నేనంటాను. ఎందుకో తెలియాలంటే ఈ వీరుడు పుట్టిన వేళను గుర్తుచేసుకోవాలి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ గూఢచారి శాఖలో పనిచేసిన ఇయాన్ ఫ్లెమింగ్ తొలి బాండు నవలను 1953లో ప్రచురించాడు. అప్పటికి ఇండియా చేజారి ఆరేళ్లు. మరి మూడేళ్లకు సూయెజ్‌లో బ్రిటన్ పరువు పోయింది. 1962 ఆగస్టులో జమైకా స్వతంత్రమయింది. అదే ఏడు అక్టోబరులో విడుదలైన ‘డాక్టర్ నో’లో, అదే జమైకా గడ్డమీద, చంపడానికి అనుమతిపత్రం పుచ్చుకున్న లండన్ దొర తిరుగుతుంటాడు! అతనికి తోడు నడిచిన నల్లజాతి పడవవాడు క్వారెల్, ఆ దొర బూట్లు తెమ్మంటే తెచ్చి, చివరకు మంటల్లో మాడిపోతాడు. నేలమీద రాజ్యం పోగొట్టుకున్నవాళ్లకు తెరమీద రాజ్యం కట్టిపెట్టడమే ఈ వీరుడి అసలు ఉద్యోగం.

1983లో ‘ఆక్టోపసీ’ మన ఉదయపూరుకే వచ్చింది. జూదంలో గెలిచిన నోట్లకట్టను తనకు సాయపడే భారతీయ సహోద్యోగి చేతిలో పెట్టి, కొన్ని వారాల కూరకు సరిపోతుందని బాండు పరిహాసమాడతాడు. అప్పటికి మనకు స్వాతంత్ర్యం వచ్చి 36 ఏళ్లు!

కాలంతోపాటు బాండు కూడా మారాడు గదా అంటారు కొందరు మిత్రులు. ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ (2008) చూపిస్తారు. బొలీవియా నీటిని కాజేసే వ్యాపారి, అతనికి అండగా సైనిక కుట్ర, దాన్ని చూసీ చూడనట్టుండే అమెరికా గూఢచారులు: ఇవన్నీ అందులో ఉన్నమాట నిజమే. ఉత్తమమైన ఉదాహరణే. కాని బొలీవియాలో నిజంగా ఏం జరిగింది? 2000లో కొచబాంబా నగర ప్రజలు వీధుల్లోకి వచ్చి, తమ నీటిని చేజిక్కించుకున్న కంపెనీని వెళ్లగొట్టారు. చిత్రంలో ఆ ప్రజలు ఎండిపోయిన కొళాయి దగ్గర నిలబడ్డ బీదలు మాత్రమే. పోరాటమంతా ఒక్క ఇంగ్లీషువాడిది. జనం సాధించిన విజయాన్ని కూడా వీరుడి ఖాతాలో వేయగలగడమే ఈ వరసకు తెలిసిన మార్పు.

ప్రజలు కోరుతున్నారు గదా అన్నది రెండో వాదన. సాహసకథ మీద ప్రజలకున్న మక్కువ నేరం కాదు. 1966లో కృష్ణ నటించిన ‘గూఢచారి 116’ను మనవాళ్లూ ఆదరించారు. అయితే, ప్రజలు ఎన్నో తరాలుగా వింటున్న భారతం సంగతేమిటి? తిక్కన యుద్ధం గెలవడంతో కలం దించలేదు. గెలిచినవాళ్లను స్వర్గారోహణ దాకా నడిపించాడు. కృష్ణుడంతటివాడు వేటగాడి బాణానికి కూలాడు. ముగింపు అంటే వీరుడు తన లెక్క అప్పజెప్పడం. బాండు ఎన్నడూ లెక్క చెప్పడు. నటుడు మారతాడు, ముఖం మారుతుంది, పాత పద్దు చెరిగిపోతుంది. సామ్రాజ్యానికి కావలసింది కూడా సరిగ్గా ఇదే: ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టడం.

వేలాది పనివాళ్ల బతుకు మాటేమిటని అడగవచ్చు. కెమెరాకు, వడ్రంగికి, దర్జీకి కావలసింది పని, బాండు కాదు. అంతే డబ్బు కొత్త కథల మీద పెడితే వాళ్ల పొయ్యి ఆరిపోదు.

నేను కోరే ముగింపు నిషేధం కాదు. యజమాని లాభం కోసం కథను చావనివ్వని పద్ధతికి ముగింపు. ఫ్లెమింగ్ 1964లో మరణించాడు. రచయిత పోయిన 60 ఏళ్లకు హక్కులు తీరిపోతాయని మన చట్టం. కాబట్టి అతను బతికుండగా అచ్చయిన నవలలు 2025 నుంచి మన దేశంలో ఎవరి సొత్తూ కావు. మన యువరచయితలు గమనించవలసిన సంగతి ఇది. దొర కథ చాలు. మంటల్లో పోయిన ఆ పడవవాడు దొర గురించి ఏమనుకున్నాడో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ కథ ఎవరైనా రాయండి. రాసి, ముగించండి.