చిన్న గెలుపులు

మంచిర్యాల జిల్లాలోని బెల్లంపల్లి బొగ్గుగనులవలన పెరిగిన పట్టణము. భూగర్భగనిలో పని మొదలుపెట్టుటకు ముందు చేయవలసిన చిన్నపని యొకటి కలదు. కఱ్ఱతోగాని కడ్డీతోగాని పైకప్పును తట్టి, చెవియొగ్గి వినవలెను. ధ్వని గట్టిగా పలికినచో కప్పు పదిలమని గుర్తు. డొల్లగా పలికినచో దానిక్రింద నిలువరాదు. ఈ పనికి పతకము లేదు, చప్పట్లు లేవు. అయినను కార్మికుల ప్రాణములు దానిపై ఆధారపడియుండును. చిన్నపనిని చక్కగా చేయుట చిన్నవిషయము కాదని గనిప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

కాని విద్యార్థులలో పలువురు ఈ సత్యమును మఱచుచున్నారు. పరీక్షలో మొదటిస్థానము, సభలో బహుమానము, ఇవియే గెలుపులని వారి తలంపు. ఇది సరియైన తలంపు కాదు. ఇతరులు చూడని గెలుపులే మనుష్యుని తీర్చిదిద్దును.

సంగీతము నేర్చుకొను బాలికను చూడుడు. కర్ణాటక సంగీతమున తొలిపాఠములు సరళీవరుసలు. వీనిని మాయామాళవగౌళరాగమున నేర్పు పద్ధతిని పురందరదాసు (1484–1564) ఏర్పఱచెనని సంప్రదాయము చెప్పుచున్నది. స్వరములు ఏడే, కాని షడ్జము శ్రుతిలో నిలుచుటకే ఎన్నో దినములు పట్టును. పిదప ఒకే వరుసను మూడు కాలములందు పాడవలెను. మొదటికాలమున తాళపు ఒక్కొక్క లెక్కకు ఒక స్వరము, రెండవకాలమున రెండు, మూడవకాలమున నాలుగు. నిన్నటివరకు మూడవకాలమున తాళము తప్పిన బాలిక నేడు తప్పక ముగించినది. పొరుగువారికి ఇందులో వింత యేమియు తోపదు. ఆమెకు మాత్రము ఒక కొండ దాటినట్లుండును.

వంటయు ఇట్టిదే. జొన్నపిండికి గోధుమపిండివలె సాగు గుణము లేదు. కావున వేడినీటితో కలిపి, బాగుగా మర్దించి, అరచేతితో మెల్లగా తట్టి రొట్టె చేయవలెను. నేర్చుకొనువాని తొలిరొట్టె అంచులు పగులును. పెనముమీదికి ఎత్తబోగా విఱుగును. పదవ రొట్టె గుండ్రముగా నిలిచి పొంగును. రాత్రిపాళీ ముగించుకొని తెల్లవాఱి యింటికి వచ్చిన తండ్రికి ఆ రొట్టెను వడ్డించిన బాలుడు తక్కువ పని చేసినవాడు కాడు. వంట ఆడువారి పనియని వానిని ఎగతాళిచేయువారు తామును అన్నము తినుచున్నారని మఱువరాదు.

చిన్నగెలుపులతో తృప్తిపడువాడు పెద్దపనులు సాధింపలేడని కొందఱందురు. తృప్తి వేఱు, ఆగిపోవుట వేఱు. సరళీవరుసలు వచ్చిన పిల్లకు జంటవరుసలు ఎదురుచూచుచుండును. రొట్టె వచ్చిన పిల్లవానికి ఆ పూటకే కూర కావలసివచ్చును. మెట్టుపై మెట్టుగా గాక ఎవ్వరును మేడ యెక్కలేరు.

అయితే గెలుపు నిజమైనదై యుండవలెను. తాళము తప్పియు తప్పలేదనుకొన్నచో అది గెలుపు కాదు. శ్రుతి ముఖస్తుతి చేయదు, పెనము మొగమోటపడదు, గనికప్పు అసలే క్షమింపదు. ఈ మూడును నేర్పునది ఒకే గుణము: ఉన్నదానిని ఉన్నట్లు విని, చూచి, దిద్దుకొనుట. ఈ గుణము అలవడినవానికి పొరుగువాని మార్కులతో పోటీ యక్కఱలేదు. నిన్నటి తనకంటె నేటి తాను ఒక్క స్వరము, ఒక్క రొట్టె మేలైనచో చాలును. పెద్దలు విఱిగిన తొలిరొట్టెను చూచి నవ్వక, రెండవదానికి పిండి యందీయవలెను.