ఉప్పుకు తలుపు తీసే చక్కెర

వాంతులు, విరేచనాలతో రోగిని తీసుకువచ్చేవారు ముందుగా అడిగే మాట ఒకటే: "గ్లూకోజు సీసా ఎక్కించండి సార్." ఓఆర్ఎస్ పొట్లం చేతికిస్తే చాలామంది ముఖం చిన్నబోతుంది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ల కోసమా ఇంత దూరం వచ్చామని వారి బాధ. తాగగలిగే రోగికి సీసా కన్నా గ్లాసే మేలని మా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కంటికి కనబడని ఒక పొర గురించి చెప్పాలి.

మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. దానినే కణత్వచం అంటారు. దాని మందం మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు అణువులు దానికి ఆధారం. వీటి తల నీటిని కోరుతుంది, తోకలు నీటిని దూరం పెడతాయి. అందుకే అవి తోకలను లోపల దాచుకుని, తలలను బయటికి పెట్టి, రెండు వరుసలుగా నిలబడతాయి. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే డచ్చి శాస్త్రజ్ఞులు ఎర్ర రక్తకణాల కొవ్వును తీసి నీటిపై పరిచారు. అది ఆ కణాల ఉపరితలానికి రెండింతలు వచ్చింది. (వారి లెక్కలో రెండు పొరపాట్లున్నాయనీ, అవి ఒకదాన్నొకటి సరిచేశాయనీ తర్వాత తేలింది!) ఈ వరుసల మధ్య కొలెస్టరాల్ కూడా ఉంటుంది. దాని పేరు వింటేనే భయపడేవారు ఈ సంగతి గమనించాలి.

ఉప్పు గానీ చక్కెర గానీ ఈ కొవ్వు పొరను వాటంతట అవి దాటలేవు. పొరలో అక్కడక్కడ అమరిన మాంసకృత్తులే వాటికి తలుపులు. మన చిన్నపేగులోని ఒక తలుపుకు విచిత్రమైన నియమం ఉంది: ఒక గ్లూకోజు అణువు, రెండు సోడియం అయాన్లు కలిసి వస్తేనే లోపలికి పంపుతుంది. వాటి వెంట నీరు వెళుతుంది. రాబర్ట్ క్రేన్ 1960లో ఈ సంగతి ప్రతిపాదించారు. కలరా విషం పేగు కణాలలో వేరే తలుపును తెరచి ఉప్పునూ నీటినీ బయటికి పారబోస్తుంది గానీ, ఈ తలుపును మాత్రం చెడగొట్టదు. 1971లో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ నమ్ముకున్నది దీన్నే. ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రమ్ములతో పంచారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 కన్నా తగ్గాయి.

చక్కెర గురించి బోధన్ వారికి మేము చెప్పనక్కరలేదు. 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినా శక్కర్‌నగర్ పేరు మిగిలే ఉంది. చెరకు చక్కెర నేరుగా ఆ తలుపు దాటదు. దానిని గ్లూకోజుగా విడగొట్టే ఎంజైము కూడా పేగు కణాల పొరలోనే నాటుకుని ఉంటుంది. కాబట్టి పొట్లం దొరకని రాత్రి, లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చదును చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. చెంచా అంటే టీ చెంచా.

తీపి పెంచితే బలం వస్తుందనుకోవద్దు. చక్కెర మించితే పేగు కణాల గుండా నీరు వెనక్కి, పేగులోకే లాగబడుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 సూత్రంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలు ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడుపోయాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడవద్దని ఆదేశించింది. ఇది ఎప్పుడో జరగవలసింది.

సీసా అవసరమయ్యేవారు లేకపోలేదు. రోగి మత్తుగా ఉన్నా, తాగలేకపోతున్నా, మూత్రం ఆగినా, మలంలో రక్తం పడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి. దారిలో కూడా, మెలకువగా ఉండి మింగగలిగితే, చెంచాతో తాగిస్తూనే ఉండండి. తల్లిపాలు ఆపవద్దు. తాగింది వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ కొద్దికొద్దిగా మొదలుపెట్టండి.