ఆంగ్లోచ్చారణమును బోధించుటను గూర్చి

యొర్దాను రేవులయొద్ద "షిబ్బోలెతు" అనలేక "సిబ్బోలెతు" అని పలికిన ఎఫ్రాయిమీయులు 42 వేలమంది ఆ కాలమున హతులైరని న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయమున చదువుచున్నాము. మన తరగతులలో ప్రాణములు పోవు గాని నోళ్లు మూతపడుట నేనెరుగుదును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బాలుడు గ్రుడ్డు అను అర్థముగల ఆంగ్లపదమును "యెగ్గు" అని చదువగా తరగతియంతయు నవ్వెను; నేనును నవ్వితిని. ఆ యేడు ముగియువరకు వాడు మరల లేచి చదువలేదు.

తప్పు వానిది కాదు. "ఎవరు", "ఏమి" అని వ్రాసి "యెవరు", "యేమి" అని పలుకువారము మనము. హల్లుతో ముగియు పరభాషాపదమునకు చివర ఉకారము తగిలించుటయు మన భాషకు సహజమే. బస్సు, లైటు అట్లే మన యిండ్లలో చేరినవి. కారణము తెలిసిన ఉపాధ్యాయుడు దిద్దును, తెలియనివాడు నవ్వును.

విద్యార్థులు పాఠ్యపుస్తకమున పంక్తుల నడుమ ఆంగ్లపదములను తెలుగు లిపిలో వ్రాసికొను అలవాటు మాత్రము మానవలెనని నా దృఢాభిప్రాయము. ఆంగ్లమున అచ్చులకు అక్షరములు అయిదే యైనను, దక్షిణ ఇంగ్లండు విద్యావంతుల పలుకును ప్రమాణముగా గొన్న గ్రంథములు అచ్చు ధ్వనులను 20గాను, హల్లు ధ్వనులను 24గాను లెక్కించుచున్నవి. ఒక ధ్వనికి ఒక గుర్తు ఉండవలెనను ఉద్దేశముతోనే 1886లో పారిస్ నగరమున భాషోపాధ్యాయులు కూడి, తరువాత అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘమని పేరొందిన సంఘమును స్థాపించిరి. డేనియల్ జోన్స్ పండితుని ఉచ్చారణ నిఘంటువు 1917లో వెలువడెను. మనము ఆ గుర్తులను విడిచి తెలుగు అక్షరములను నమ్ముకొంటిమి. ద్రాక్షతీగయు ద్రాక్షారసమును ఈ లిపిలో ఒక్కటే "వైన్" అగును! మొదటిదానికి పైపండ్లు క్రింది పెదవిని తాకవలెను. రెండవదానికి పెదవులు గుండ్రముగా ముడుచుకొనవలెను, పండ్లతో పనిలేదు. మన టకారమునకు నాలుక కొన వెనుకకు మడిగి అంగిలిని తాకును. ఆంగ్లమున అది పైపండ్ల వెనుకనున్న చిగురుగట్టును తాకిన చాలును. "పిన్", "స్పిన్" అను రెంటను మనము పకారమే వ్రాయుదుము. పెదవులయెదుట పలుచని కాగితపు ముక్క పట్టి ఆంగ్లేయునిచేత పలికింపుడు: మొదటిదానికి కాగితము అల్లాడును, రెండవదానికి దాదాపు కదలదు. ఈ పరీక్ష పిల్లలకు ఆటవలె నుండును, నాకును నుండును.

మన భాష ఈ విషయమున అడ్డంకి మాత్రమే యనుకొనరాదు. "జడ" అనునప్పటి దంత్య జకారమును పలుకుచు, నాలుకను పండ్లవెనుక పూర్తిగా తాకింపక గాలిని సాగనిచ్చినయెడల "జూ" అను ఆంగ్లపదపు మొదటి ధ్వని వచ్చును. కోస్తా జిల్లాలవారు "చేశాడు" అని వాడుకగా పలుకునప్పుడు నడిమి అచ్చు ఆకారమునకును ఏకారమునకును మధ్య నుండును. "బ్యాట్" అనుదానిలోని అచ్చు దానికి మిక్కిలి చేరువ. లిపిలో గుర్తు లేనందున ఆ ధ్వని తమ నోటనే యున్నట్లు పిల్లలెరుగరు.

పరభాషకొరకు మన నాలుకను మార్చుకొననేల యని కొందరందురు. దొరల యాసను అనుకరింపుమని నేనును చెప్పను. అట్లు అనుకరించువారిని చూచిన నాకు జాలి కలుగును. కాని ఓడ అనబోయి గొర్రె అనినయెడల వినువాడేమి చేయును? "షిప్", "షీప్" అనువానికి భేదము దీర్ఘమొక్కటే కాదు. మొదటిదానికి నాలుక కొంచెము దిగి సడలియుండును.

ఇప్పుడు చేతిఫోనులోని నిఘంటువే పదమును పలికి వినిపించుచున్నది. నా తరగతిలో పిల్లలు ఒక పదమును పదిమారులు వినువరకు పలుకుమని అడుగను. పిమ్మట అందరును ఒక్కమారుగా పలుకుదురు, నేనును వారితో పలుకుదును. ఒంటరిగా లేచి పలుకుట ఎవరికి వారు చేయి యెత్తినప్పుడే.