రొట్టె పట్టుకుపోయిన నాయకులు

మీ నాయకుడెవరు? ఈ ప్రశ్న మమ్మల్ని అడిగినంతగా ఇంకెవర్నీ అడగరు. నెల్లూరులో రెడ్లని అడగరు. వాళ్లకి నాయకులు ఎక్కువై పార్టీలే చాలడం లేదు. మమ్మల్ని మాత్రం ఎన్నికలకి నెల ముందు పార్టీలవాళ్లు అడుగుతారు. ఎక్కడో బాంబు పేలిన మర్నాడు పోలీసులు అడుగుతారు. ఎవరో ఒకర్ని చూపిస్తే చాలు, ఆయనతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్లిపోతారు. ఇన్ని వందల గడపలు ఎక్కి దిగే బాధ తప్పుతుంది. అంటే మా నాయకుడి అవసరం మాకంటే వాళ్లకే ఎక్కువ.

అలా చూపించడానికి మేం కూడా మనుషుల్ని తయారుచేసి పెట్టుకున్నాం. జమాత్ సదర్, దర్గా ముతవల్లీ, పార్టీ మైనారిటీ సెల్ అధ్యక్షుడు. (సెల్ అనే మాట ఎవరు పెట్టారోగానీ సరిగ్గానే పెట్టారు. జైలు గదినీ అదే మాటతో పిలుస్తారు.) రంజాన్ నెలలో టోపీ పెట్టుకొచ్చిన ఎమ్మెల్యేకి ఖర్జూరం అందిస్తూ ఫోటో దిగేది వీళ్లే. టోపీ మగ్‌రిబ్ నమాజు ముగిసేలోపే జేబులోకి పోతుంది. ఫోటో మాత్రం అయిదేళ్లు షాపు గోడ మీద వేలాడుతుంది. ఆ షాపు వెనక సందులో మురుక్కాలువ అయిదేళ్లూ అట్లాగే పారుతుంది.

మంచి నాయకుడంటే ఎవరని అడిగితే మా జుమ్మా బయానుల్లో జవాబు సిద్ధంగా వుంటుంది. ఖలీఫా హజ్రత్ ఉమర్ అర్ధరాత్రి పిండి మూట వీపున మోసుకెళ్లి, ఆకలికి ఏడుస్తున్న పిల్లల తల్లికి ఇచ్చిన కథ. వినీ వినీ మాకు కంఠతా వచ్చేసింది. అదే ఉమర్ గురించి ఇంకో కథ వుంది. అందరికీ ఒక్కో గుడ్డముక్క పంచితే నీ ఒక్కడికి నిండు అంగీ ఎలా వచ్చిందని ఒక మామూలు మనిషి సభలో లేచి నిలదీశాడట. నా కొడుకు తన వాటా నాకిచ్చాడని లెక్క చెప్పాకే సభ ముందుకి సాగిందట. మొదటి కథలో మేం పిండి కోసం ఎదురుచూసేవాళ్లం. రెండో కథలో లెక్క అడిగేవాళ్లం. మా పెద్దలకి మొదటి కథ మీదే అంత ప్రేమ ఎందుకో విడమరిచి చెప్పాలా?

లెక్క అడగాల్సినవి చాలా వున్నాయి. దేశంలో వక్ఫ్ భూములు దాదాపు 6 లక్షల ఎకరాలని, వాటి మీద ఏడాదికొచ్చే రాబడి సుమారు 163 కోట్లని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఎకరానికి మూడు వేలు కూడా పడలేదు. 2025లో కేంద్రం వక్ఫ్ చట్టాన్ని మార్చి బోర్డుల్లో ముస్లిమేతరుల్ని కూర్చోబెట్టింది. దేవాలయాల ధర్మకర్తలు హిందువులే కావాలనే రాజ్యం మా దగ్గరికొచ్చేసరికి మరో నీతి చెబితే మేం ఒప్పుకోం. ఒప్పుకోం గనకే ఈ మాట కూడా అంటున్నాం: ఆ భూముల్ని కారుచౌకగా లీజులకిచ్చింది ఢిల్లీవాళ్లు కాదు. మా పెద్దమనుషులే. ఇవాళ వాళ్లే వక్ఫ్ రక్షణ వేదికలెక్కి గొంతు చించుకుంటున్నారు. ఆ లీజు కాయితాలు పట్టుకుని వేదికెక్కమని మేం అడిగితే, సమయం కాదంటారు, శత్రువుకి ఆయుధం ఇచ్చినట్టవుతుందంటారు. మాకు సమయం ఎప్పుడైంది?

పోనీ మాకు అర్థమయ్యే భాషలోనైనా మాట్లాడతారా? మా పల్లెల్లో దూదేకులవాళ్ల ఇంటిమాట తెలుగు. ఎందరో షేకుల ఇళ్లలోనూ ఉర్దూ అంతంతమాత్రమే. వేదిక మీద తక్రీరు మాత్రం వాళ్లకి అందనంత ఎత్తున సాగుతుంది. 2007లో రాష్ట్రం బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు 14 సమూహాల్ని చేర్చి, సయ్యద్‌లు, పఠాన్లు, మొఘలులు వగైరాల్ని పక్కన పెట్టింది. ముస్లింలలో కులాలేమిటని అప్పుడు కోపగించుకున్న పెద్దలకి, దూదేకులింటికి పిల్లనివ్వమంటే మాత్రం కులం ఠక్కున గుర్తొస్తుంది.

సెక్యులర్ మిత్రులతోనూ ఒక మాట. మీకూ ఒక మంచి ముస్లిం నాయకుడి బొమ్మ వుంది. వీణ వాయించాలి, రాకెట్లు చెయ్యాలి, ఎవర్నీ నొప్పించకూడదు. కలాం గారి మీద మాకేం కోపం లేదు, కానీ ప్రతి ముస్లింకీ ఆయన్ని కొలబద్దగా పెడితే ఎట్లా? పుచ్చలపల్లి సుందరయ్య ఈ జిల్లా అలగానిపాడులో భూస్వాముల ఇంట పుట్టాడు. పేరులోంచి రెడ్డి తీసేశాడు, సైకిలు మీద పార్లమెంటుకి వెళ్లాడు, కూలీలకి నాయకుడయ్యాడు. ఆయన్ని రెడ్ల నాయకుడని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. మాలో ఒకడు రొయ్యల గుంటల దగ్గర కూలీల కోసం నిలబడితే మాత్రం మర్నాడు పేపర్లో ముస్లిం నాయకుడవుతాడు. అందరికీ నాయకుడయ్యే హక్కు మా వాడికి మీరెప్పుడిస్తారు?

1992 మాకు రెండు విధాలుగా గుర్తు. డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చారు. ఆ తర్వాత చాన్నాళ్లు మమ్మల్ని కాచుకునే నాయకుడెవరా అని హైదరాబాదు వైపూ ఢిల్లీ వైపూ చూస్తూ గడిపాం. అదే ఏడాది ఇదే నెల్లూరు జిల్లాలో, కలిగిరి మండలం దూబగుంటలో, ఆడవాళ్లు ఎవరివైపూ చూడకుండా సారా కొట్టు మూయించారు. పగలంతా పనిచేసి రాత్రిపూట లాంతరు ముందు అక్షరాలు దిద్దిన ఆడవాళ్లు వాళ్లు. వాచకంలోని సీతమ్మ కథ చదివి, ఇది మన కథే గదా అనుకున్నారు. చీపుర్లు పట్టుకున్నారు. సారా వేలం పాటలు సాగనివ్వలేదు. ఎక్కువమంది దళితులు, వెనకబడిన కులాలవాళ్లు. మా ఆడవాళ్లూ వాళ్లతో నడిచారు, ఏ జమాత్ అనుమతీ అడక్కుండానే. 1993 ఏప్రిల్లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది.

దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు. అయితే రోశమ్మ నాయకురాలయ్యాక ఉద్యమం పుట్టలేదు, ఉద్యమం నడిచాక ఆమె నాయకురాలైంది. వంటింట్లో గింజలు ఎందుకు లేవో ఆ ఆడవాళ్లకి ఎవరూ నివేదిక రాసి ఇవ్వనక్కర్లేదు. ఎవరికి దెబ్బ తగిలిందో వాళ్లే ముందు నడిచారు. మా పెద్దమనుషులు మురుక్కాలువకి దూరంగా మేడ కట్టుకున్న రోజునే మాకు నాయకులు కాకుండా పోయారు.

దూబగుంట కథలో చేదు కూడా వుంది. నాయకులు లేకపోవడమే గొప్పని మేం అనడం లేదు. 1994 డిసెంబరులో గెలిచిన ఎన్టీరామారావు 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం పెట్టాడు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. గెలుపుని మాట ఇచ్చినవాడి చేతిలో పెట్టి ఇళ్లకు వెళ్లినందుకు ఆ ఆడవాళ్లు కట్టిన సుంకం అది. ఎత్తేసేటప్పుడు వాళ్లని అడిగినవాడు లేడు. కుర్చీ దాకా పోని ఉద్యమాన్ని కుర్చీలో వున్నవాడు రద్దు చెయ్యగలడు.

మా నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రంలో రొట్టెల పండగ జరుగుతుంది. 2015లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండగ చేసింది. చెరువులో దిగి ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె పట్టుకుంటారు. కోరిక తీరినవాళ్లు మరుసటేడు రొట్టె తెచ్చి ఇంకొకరి చేతిలో పెడతారు. వచ్చేవాళ్లలో హిందువులే ఎక్కువ. ఎవరూ కాపలా వుండరు, చీటీ రాసుకోరు, అయినా జనం తిరిగొచ్చి బాకీ తీరుస్తారు. మంత్రులూ వస్తారు, మోకాలి లోతు నీళ్లలో నిలబడి కెమెరాల ముందు రొట్టె పట్టుకుంటారు. పదవి వచ్చాక దాన్ని తెచ్చి మా చేతుల్లో పెట్టినవాణ్ణి మేం ఇంకా చూడలేదు.

ఆ రొట్టెలు చేసేది ఆడవాళ్లు. కువైట్‌లో ఖద్దామాలుగా అరబ్బుల ఇళ్లలో చాకిరీ చేసి ఇక్కడి పిల్లల ఫీజులు కడుతున్నదీ వాళ్లే. మా మసీదు కమిటీల్లో, దర్గా కమిటీల్లో వాళ్లెంతమంది వున్నారు? వచ్చే శుక్రవారం నమాజు తర్వాత ఈ ప్రశ్న అడుగుతాం. లీజు కాయితాలూ అప్పుడే అడుగుతాం.