యాస దాచకండి, స్టేజీ ఎక్కండి

ఇంటర్వ్యూ కాల్ రాగానే మనవాళ్లు చేసే మొదటి పని యాస దాచుకోవడం. ‘ఏటి’ అనబోయి ‘ఏంటి’ అంటారు. ‘ఎల్తన్నాను’ మింగేసి ‘వెళ్తున్నాను’ అంటారు. ధ్యాసంతా ఆ దిద్దుబాటు మీదే ఉంటే అడిగిన ప్రశ్న చెవికెక్కదు. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో చదివే మీకు ఈ బెరుకు పోవడానికి నేను చెప్పే మందు స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు కాదు, నాటిక.

నవ్వకండి. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు తొలిసారి ఆడిన గురజాడ ‘కన్యాశుల్కం’ మన వీధుల్లో మాట్లాడే భాషనే స్టేజీ ఎక్కించింది. గ్రాంథికంలో రాస్తేనే సాహిత్యం అనుకునే రోజులవి. అందులో గిరీశం, శిష్యుడు వెంకటేశం ఇంగ్లిష్‌లో మాట్లాడుకుంటున్నట్టు ఇంట్లోవాళ్ల ముందు ‘ట్వింకిల్ ట్వింకిల్’ అప్పజెబుతారు. వెంకటేశం తల్లి మురిసిపోతుంది. మీరు బట్టీపట్టిన ‘టెల్ మీ ఎబౌట్ యువర్‌సెల్ఫ్’ విని హెచ్‌ఆర్ వాళ్లు అలా మురిసిపోరు.

స్టేజీ మీద ఆఖరి వరుసలో కూర్చున్నాయనకు మాట స్పష్టంగా అందాలి. యాస ఏదన్నది తర్వాతి సంగతి. ఎదుటివాడు డైలాగు మరిచిపోతే మీరు అందుకోవాలి, అంటే ముందు వినాలి. గ్రూప్ డిస్కషన్‌లో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. తమ వంతు కోసం కాచుకుంటారు తప్ప పక్కవాడి మాట వినరు. కోడ్ రాసేవాడిగా ఇంకో మాట: స్టేజీ మీద అన్‌డూ ఉండదు. లైటు పడాల్సిన క్షణంలో పడకపోతే సీను పోయినట్టే. నటన రాదంటారా, లైట్ల దగ్గరో సెట్ దగ్గరో చేరండి. అదీ అంతే పని.

అలాగని నాటిక ఆడితే కోడింగ్ రౌండ్ గట్టెక్కుతారని కాదు. ఇంగ్లిష్ కూడా నేర్చుకోవాల్సిందే. పోయేది భయం మాత్రమే, కానీ సగంమందిని వెనక్కి లాగేది అదే కదా!

రాష్ట్ర చలనచిత్ర, టీవీ, నాటకరంగ అభివృద్ధి సంస్థ జరిపే నంది నాటకోత్సవాల్లో కాలేజీ, యూనివర్సిటీ విద్యార్థుల నాటికలకు విడిగా ఒక విభాగమే ఉంది. ఏటా జరగాల్సిన ఈ పండగ మధ్యలో కొన్నేళ్లు ఆగింది. 2022 సంవత్సరానివి 2023 డిసెంబరులో గుంటూరులో జరిగాయి. మళ్లీ ప్రకటన వచ్చాక పరుగెడితే కుదరదు. స్క్రిప్టు, రిహార్సల్స్‌కి నెలలు పడతాయి.

రెజ్యూమెలో ‘నాటికలో పాల్గొన్నాను’ అని మాత్రం రాయకండి. బృందంలో ఎంతమంది, మీ బాధ్యతేంటి, ఆఖరి నిమిషంలో ఏం చెడిపోతే ఎలా సర్దారో రాయండి. ప్రశ్నలు అక్కడి నుంచే వస్తాయి, జవాబు బట్టీపట్టక్కర్లేదు.

ఈలోగా విజయనగరం ఆనందగజపతి ఆడిటోరియంలోనో, శ్రీకాకుళం బాపూజీ కళామందిర్‌లోనో నాటకం పడితే వెళ్లి కూర్చోండి. అయ్యాక తెర వెనక్కెళ్లి దర్శకుణ్ని పలకరించండి. కుర్రాళ్లు కావాలా అని అడగండి, మన యాసలోనే.