ప్రకటన రచన - మన రెండు భాషల బాధ్యత

వాణిజ్య ప్రకటన అనగానే చదువుకున్నవారిలో కొందరు ముఖం చిట్లిస్తారు. అది కేవలం వ్యాపారి గొంతు అనీ, అందులో సాహిత్యానికి చోటు లేదనీ వారి భావన. దానితో మేము ఏకీభవించలేము. ప్రతిదినమూ ప్రజలు చదివే, వినే వాక్యాలలో ప్రకటనల పాలు తక్కువేమీ కాదు. కనుక ఆ వాక్యాలను ఎవరు వ్రాస్తున్నారు, ఎలా వ్రాస్తున్నారు అన్నది భాషాభిమానులందరూ ఆలోచింపదగిన విషయం.

ప్రకటన సంస్థలో ఒక దినం ఎలా గడుస్తుందో చూద్దాం. ఉదయం వ్యాపారి కోరిక ఒక పత్రం రూపంలో వస్తుంది. దానిని ఆ వృత్తిలో 'బ్రీఫ్' అంటారు. వస్తువు ఏది, కొనేవారు ఎవరు, చెప్పవలసిన ముఖ్యమైన మాట ఏది అన్నవి అందులో ఉంటాయి. రచయిత, చిత్రకారుడు ఎదురెదురుగా కూర్చుంటారు. ఇరవై శీర్షికలు పుడితే పంతొమ్మిది చెత్తబుట్టకు చేరుతాయి. మిగిలిన ఒక్కదానిని చూచి వ్యాపారి, "బాగానే ఉంది గాని, మా పేరు ఇంకా పెద్దదిగా వేయండి" అంటాడు. ఇంతలో పత్రిక గడువు ముంచుకొస్తుంది. రేడియోకైతే పది, ఇరవై, ముప్పై సెకండ్లలో కథంతా ముగియాలి. ఇంత ఇరుకులో మాటను పొదుపుగా, సూటిగా వాడడం పద్యం వ్రాయడం కంటె తేలికైన పని కాదు.

అయితే తెలుగు, ఉర్దూ ప్రకటనలకు ఈ మథనం చాలవరకు దక్కడం లేదు. ఆలోచన అంతా ఇంగ్లీషులోనో హిందీలోనో ముగిసి, బొమ్మ స్థిరపడిన తరువాత, చివరి గంటలో అది అనువాదకుని చేతికి వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల కొలతకు గీచిన గడిలో మన గుణింతాలూ వత్తులూ ఊపిరాడక ఒకదానిపై ఒకటి పడతాయి. ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తుంది. ఎడమనుండి చూపు సాగేటట్లు అమర్చిన బొమ్మ దానికి ఎదురు తిరుగుతుంది. ఇక వాక్యం సంగతి చెప్పనక్కరలేదు. "మీ కేశాలకు ఇవ్వండి పోషణ" అని ఏ తెలుగు తల్లి కూతురితో అంటుంది? "నూనె పెట్టుకోవే, జుట్టు ఒత్తుగా వస్తుంది" అంటుంది. ఇంగ్లీషుకు 'యూ' ఒక్కటే చాలు. మనకు నువ్వు, మీరు ఉన్నాయి. ఉర్దూకు తూ, తుమ్, ఆప్ ఉన్నాయి. ఎవరితో ఏది అనాలో నేర్పేది నిఘంటువు కాదు, ఇల్లు.

సొంత భాషలో పుట్టిన మాటకు బలం ఎక్కువ. 1982లో ఒగిల్వీ సంస్థలో చేరిన పీయూష్ పాండే వీధిలో వినిపించే హిందీని ప్రకటనలలోకి తెచ్చారు. మన హైదరాబాదులోనే 1920లో హకీం మొహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ తన యునానీ మందుకు 'జిందా తిలిస్మాత్' అని పేరు పెట్టారు. ఉర్దూ రాని తెలుగు ఇళ్ళలో కూడా ఆ పేరు ఇంటిమాట అయింది.

బలం ఉన్నచోట బాధ్యత కూడా ఉంటుంది. మహిమలతో రోగాలు కుదురుస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే వీలును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కల్పించింది. కాని చట్టం కంటె ముందు రచయిత మనస్సాక్షి మేలుకోవాలి. తన తల్లికి చెప్పలేని అబద్ధాన్ని పరుల తల్లికి చెప్పకుండుటే ఈ వృత్తిలో మొదటి నీతి.

మాటకు మాట పెట్టే పని ఇప్పుడు యంత్రాలు కూడా చేస్తున్నాయి. కనుక అనువాదం మాత్రమే నేర్చిన యువకునికి రేపు ఈ వృత్తిలో చోటు దొరకడం కష్టం. రెండు భాషలలో ఆలోచించగలవానికి చోటు ఉండి తీరుతుందని మా విశ్వాసం. ఆ రెండు భాషలూ మన తరగతి గదులలో పక్కపక్కనే కూర్చొని ఉన్నాయి. కళాశాల సంఘం పెద్దలకు మా మనవి ఒక్కటే: ఏటేటా ఒక ప్రకటన రచన పోటీ పెట్టండి. రక్తదానమో, గ్రంథాలయమో, చేనేతయో విషయంగా ఇవ్వండి. తెలుగులో ఒకరు, ఉర్దూలో ఒకరు విడివిడిగా వ్రాయాలి, అనువాదం పనికిరాదు. బాగున్నవాటిని ఈ పత్రికలోనే అచ్చువేయండి. ఖర్చు స్వల్పం, ఫలితం మన భాషలంత పెద్దది.